నల్లమలలో స్టాక్ ఆడిట్

నా ఉద్యోగం బస్తాలు లెక్కపెట్టడం. రైసు మిల్లులు, పత్తి గోడౌన్లు, ఎరువుల డీలర్లు సరుకు చూపించి బ్యాంకులో అప్పు తీసుకుంటారు కదా, ఆ సరుకు నిజంగా ఉందా లేదా అని వెళ్లి చూసి రాసే మనిషిని. పుస్తకంలో పన్నెండు వేల బస్తాలుంటాయి. గోడౌన్ తలుపు తీస్తే ముందు వరుసలు కప్పు దాకా కనబడతాయి. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే వెనకంతా బోలు. పదహారేళ్లు ఈ పనిలో ఉన్నాక ఏ అంకె చూసినా దాని వెనక ఏముందోనన్న అనుమానం పట్టుకుంది.

అందుకే 2018 జనవరిలో పులుల లెక్కింపుకి వలంటీర్లు కావాలని చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు అడవి గుర్తుకు రాలేదు. కదిలే సరుకును, అదీ మనిషి అలికిడికే మాయమయ్యే సరుకును, ఎట్లా లెక్కపెడతారో చూడాలనిపించింది. రోజుకు పది పదిహేను కిలోమీటర్లు నడవగలనని, ఏదన్నా జరిగితే నాదే బాధ్యతని రాసిచ్చి దరఖాస్తు పంపాను. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఒక బీటు, అంటే ఒక బీట్ ఆఫీసరు చూసుకునేంత అడవి ముక్క, ఇచ్చారు. ఇంట్లో బల్లి కనబడితే నన్ను కేకేసే మా ఆవిడ, "మరి పులి కనబడితే నువ్వు ఎవర్ని పిలుస్తావ్?" అంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు గేటు అందరికీ తెలిసిందే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. తెరిచేదాకా కారులో కూర్చుని విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ తొమ్మిది గంటలు రోడ్డు ఎవరిదవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. రోడ్డుకు ఇటూ అటూ కలిపి 2,611 చదరపు కిలోమీటర్ల రిజర్వు అది. 1983 నుంచి కృష్ణకు రెండు వైపులా ఒకే నాగార్జునసాగర్ - శ్రీశైలం టైగర్ రిజర్వుగా ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పేరుతో వేరైంది.

మొదటి రోజు మధ్యాహ్నం క్లాసు. ఒక ఆఫీసరు తెల్ల బోర్డు ముందు నిలబడి సరిస్కా కథతో మొదలుపెట్టారు. రాజస్థాన్‌లోని సరిస్కా రిజర్వులో పులులున్నాయని ఏటా లెక్కలు వస్తూనే ఉన్నాయి. 2005కి వచ్చేసరికి అక్కడ ఒక్క పులీ లేదని తేలింది. వేటగాళ్లు తుడిచిపెట్టేశారు. అప్పట్లో లెక్కంటే పులి అడుగు మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోసి అచ్చు తీయడం, ఆ అచ్చుల్ని పక్కపక్కన పెట్టి ఇది ఫలానా పులిది, అది వేరే పులిది అని తేల్చడం. ఇసుకలో ఒకలా, బురదలో ఒకలా పడే అడుగును బట్టి ఒకే పులిని ముగ్గురు మూడు పులులుగా రాయొచ్చు. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పుస్తకంలో ఉంది, గోడౌన్‌లో లేదు. ఇది నాకు తెలిసిన కథే.

ఆ దెబ్బతో పద్ధతి మార్చారు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా ఒకే తీరుగా చేస్తున్నారు. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి నడిపిస్తాయి. ముందు బీటు బీటునా నడిచి గుర్తులు వెతకడం, తరువాత పులి తినే జంతువుల లెక్క, అడవి తీరు, చివరికి కెమెరాలు. మాలాంటి వాళ్లు నడక దాకానే. ఆ ఏడాదే మొదటిసారి కాగితాలకు తోడు ఫోన్‌లో ఎం-స్ట్రైప్స్ అనే యాప్ వచ్చింది. నడిచిన దారి దానంతట అదే జీపీఎస్‌లో పడుతుంది. అంటే చెట్టు కింద కూర్చుని ఐదు కిలోమీటర్లు నడిచామని రాసే వీల్లేదు. మా మిల్లుల ఆడిట్లకు ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

మా బేస్ క్యాంపు రెండు గదుల రేకుల ఇల్లు. పాతికేళ్ల బీట్ ఆఫీసరు, నలుగురు వాచర్లు. వాళ్లలో ముగ్గురు చెంచులు. నాకు తోడుగా వచ్చిన పెద్దాయనకు యాభై దాటి ఉంటాయి. నన్ను సారూ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ని. కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు, భుజాన గొడ్డలి. కొత్త ట్రెక్కింగ్ బూట్లు వేసుకున్న నన్ను పైనుంచి కిందికి చూసి ఏమీ అనలేదు. (కొత్త బూట్లు వేసుకుని ఎవరూ వెళ్లకండి. రెండో రోజుకి నా మడమలు రెండూ బొబ్బలు.)

మొదటి మూడు రోజులు మాంసాహార జంతువుల గుర్తులు వెతకాలి. బీటులో ఐదు కిలోమీటర్ల దారులు మూడు, రోజుకొకటి. పులి అయినా చిరుత అయినా తుప్పల్లో పడి నడవడానికి ఇష్టపడదు, మనలాగే బాట పట్టుకుంటుంది. కాబట్టి బండి బాటలు, వాగు ఇసుక, కాలిదారులు చూసుకుంటూ పోవాలి.

పొద్దున ఆరున్నరకి బయలుదేరాం. నోట్లోంచి పొగ వస్తోంది. నల్లమల అంటే నా బుర్రలో చీకటి పడేంత దట్టమైన అడవి ఉండేది. జనవరిలో అలా ఉండదు. సగం ఆకు రాలిపోయి వెలుతురు నేల దాకా దిగుతుంది. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన బెరడుతో నల్లమద్దులు, మధ్యమధ్య ఆకన్నదే లేకుండా తెల్లగా నున్నగా నిలబడ్డ తపసి మానులు. తపసి బంకే చెంచులకు నాలుగు డబ్బులు తెచ్చేది. కొన్ని మద్దులు ఇద్దరం చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు. ఒకప్పుడు నిజాం వేటకు అట్టిపెట్టిన అడవి కాబట్టి గొడ్డలి పడలేదని బీట్ ఆఫీసరు చెప్పాడు. పెద్దాయన వేరే లెక్క చెప్పాడు: "గీ మానుకు తేనె పడతది సారూ. తేనె పట్టే మానును ఎవడు కొడతడు?"

కిలోమీటరు కూడా పోలేదు, వాగు ఇసుకలో అడుగు. గుండ్రంగా, నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేదు. నాకు ఒళ్లు జల్లుమంది. ఫోన్ తీసి పులి మీద నొక్కబోతుంటే పెద్దాయన వంగి చూసి, "చిరుతది" అన్నాడు. ఇంత పెద్దగా ఉంది కదా అన్నాను. "పొద్దటి మంచుకు ఇసుక జారింది సారూ. అంచు చూడకు, నడుమ చూడు." తన అరచెయ్యి దాని మీద పెట్టి చూపించాడు. చెయ్యి దాన్ని కప్పేసింది. పెద్దపులిదైతే చెయ్యి చాలదట.

ఆ రోజు ఇంకా చాలా నేర్చుకున్నాను. ఎలుగుబంటి వెనక కాలి అడుగు చిన్నపిల్లాడు ఉత్తకాళ్లతో నడిచినట్టే ఉంటుంది, ముందు గోళ్ల గీతలు లేకపోతే మనిషిదే అనుకుంటాం. దాని పెంటిక నిండా రేగ్గింజలు. రేచుకుక్కలు గుంపుగా ఒకేచోట విసర్జిస్తాయి. ముళ్లపంది ముల్లొకటి దొరికితే మా అబ్బాయి కోసం జేబులో వేసుకోబోయాను. అడవిలోంచి ఏదీ తీసుకుపోకూడదని బీట్ ఆఫీసరు మర్యాదగానే చెప్పి కింద పెట్టించాడు.

రెండో రోజు ఏమీ లేదు. ఐదు కిలోమీటర్లు, నాలుగు గంటలు, ఆరు కళ్లు, ఒక్క గుర్తు లేదు. ఆఖరి అర కిలోమీటరులో ఎండిన బురద మీద ఒక మచ్చ కనబడింది. అడుగే, కానీ దాని మీద ఏ పశువో తొక్కి పోయింది. నేను మోకాళ్ల మీద కూర్చుని దాన్ని ఎటునుంచి చూసినా పులిలాగే కనబడుతోంది. ఇంత నడిచినందుకు ఒక్కటైనా ఉండాలి కదా అన్న ఆశ. "పులి అనుకోవచ్చేమో" అన్నాను. పెద్దాయన నా మొహం వైపు చూశాడు. "తెల్వకుంటే తెల్వదనాలె సారూ."

ఆ మాట నాకు తగిలింది. మిల్లు యజమాని టీ తెప్పించి, బయట ఎండలో కుర్చీ వేసి, "ఉంటాయి లెండి సార్, ఎక్కడికి పోతాయి" అన్నప్పుడు నేను సరిగ్గా ఇదే మాట అంటాను. ఇక్కడ టీ కూడా ఎవరూ ఇవ్వలేదు, నాకు నేనే లంచం ఇచ్చుకోబోయాను.

సాయంత్రం బీట్ ఆఫీసరు యాప్‌లో ఆ దారి ముగించి సేవ్ చేశాడు. గుర్తులు: సున్నా. వృథా అయిందా అని అడిగాను. అతను క్లాసులో చెప్పినదే మళ్లీ విడమరిచి చెప్పాడు. పులి ఉండి కూడా మనకు గుర్తు దొరకని రోజులుంటాయి. మూడు దారులు నడిస్తే ఎన్నిట్లో దొరికింది, ఎన్నిట్లో దొరకలేదు అన్నదాన్ని బట్టి, మన కళ్లు ఎంత జారవిడుస్తాయో లెక్క కడతారు. దొరికినవే రాసి దొరకనివి వదిలేస్తే ఆ లెక్క కట్టలేరు. "మీ సున్నా కూడా డెహ్రాడూన్ పోతది సార్," అన్నాడు నవ్వుతూ.

రాత్రి అన్నం, పప్పు, టమాట చారు. కరెంటు లేదు, సోలార్ దీపం ఎనిమిదింటికే మసకబారింది. అర చంద్రుడు వెలుగుతుంటే దూరంగా తపసి మాను ఒకటి తెల్లచీర కట్టుకున్న మనిషిలా నిలబడి ఉంది. ఎక్కడో కణితి, అంటే సాంబరు దుప్పి, అరిచింది. ఒక్కటే అరుపు, గంట కొట్టినట్టు. పెద్దాయన బీడీ ఆర్పి విన్నాడు. మళ్లీ అరవలేదు. "ఊకనే," అని పడుకున్నాడు. నాకు మాత్రం మూడింటి దాకా నిద్ర పట్టలేదు.

మూడో రోజు రథసప్తమి. మా అమ్మ ఫోన్ చేసి జిల్లేడాకులు గుర్తు చేసే రోజు, ఇక్కడ సిగ్నల్ లేదు. దారి ఒక గుట్ట వారగా పోతోంది. ముందు నాకే తెలిసింది, ముక్కుకి. కొత్త బాస్మతి బస్తా విప్పినప్పుడు వచ్చే వాసన. ఈ వాసన నా వృత్తి, పొరబడను. అడవి నడిమధ్య బాస్మతి ఏమిటని ఆగి చుట్టూ చూస్తుంటే పెద్దాయన కూడా ఆగాడు. బాట పక్కన మద్దిచెట్టు మొదట్లో, మనిషి నడుము ఎత్తున, బెరడు తడిసి ఆరిన జాడ. పులి తన హద్దు చెప్పడానికి చల్లిన ద్రవం. బాస్మతికి ఆ వాసననిచ్చే పదార్థమే అందులోనూ ఉంటుందని తరువాత చదివాను. పది అడుగుల అవతల వెనక కాళ్లతో నేల గోకిన గుర్తు, దాని చివర మలం. చిరుతదైతే మెలికలు మెలికలుగా ఉంటుందట, ఇది లావుగా, మెలికలు తక్కువగా ఉంది. అందులో కణితి వెంట్రుకలు. ఈసారి పెద్దాయనే నా ఫోన్ వైపు గడ్డం ఊపి, "రాసుకో" అన్నాడు.

పులిని ఎంత దగ్గరగా చూశావని ఊళ్లో అందరూ అడిగారు. ఇంతే. వాసన చూశాను.

నాలుగో రోజు జంతువుల లెక్కకి గీత వేసుకోవడం. రెండు కిలోమీటర్ల తిన్నని గీత. బాట మీద కాదు, కావాలని బాటను వదిలి, దిక్సూచి పట్టుకుని, గుట్ట వచ్చినా వాగు వచ్చినా అలాగే. బాట మీదే నడిస్తే బాటను ఇష్టపడే జంతువులే లెక్కలోకి వస్తాయి కాబట్టి. అడ్డొచ్చిన తుప్పలు మాత్రం కొడుతూ పోయాం. నేను పొట్టిచేతుల చొక్కా వేసుకున్నాను. ఒక తీగను చేత్తో పక్కకు తోశాను. దూలగొండి. ఎండిన కాయల మీది నూగు గాలికి లేచి చెయ్యీ మెడా పట్టేసింది. ఇరవై నిమిషాలు నేను మనిషిని కాను. నీళ్లు పోసుకోబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపి, పొయ్యి బూడిద తెప్పించి రుద్దాడు. మిగిలినవాళ్లు నవ్వు ఆపుకోవడానికి చెట్ల వైపు తిరిగారు.

తరువాతి మూడు రోజులూ అదే గీత మీద తెల్లవారగానే నడిచాం. దుప్పి కనబడితే ఎన్ని, ఎంత దూరంలో, ఏ దిక్కులో అన్నది రాయాలి. దూరానికి రేంజ్ ఫైండర్, దిక్కుకు దిక్సూచి. దూరం పోయేకొద్దీ మన కంటికి దొరికేవి తగ్గుతాయి. ఆ తగ్గుదలను చూసి, కనబడకుండా మిగిలినవి ఎన్నో అంచనా కడతారు. ఒక పులికి ఏడాదికి యాభై దాకా దుప్పుల పెట్టు తిండి కావాలట. దుప్పి లేని అడవిలో పులిని కాపాడినా ఆకలికి పోతుంది, లేదా ఊళ్లోకి వస్తుంది.

మొదటి పొద్దున చుక్కల దుప్పులు ఏడు, కొండముచ్చుల గుంపొకటి. రెండో రోజు, రిపబ్లిక్ డే మరునాడు, నాలుగు కొమ్ముల కొండగొర్రె. కుక్కపిల్లంత మొహం, నుదుటి మీద రెండు చిన్న కొమ్ములు, వెనక రెండు పెద్దవి. మమ్మల్ని చూసి ఒక్క క్షణం అలా నిలబడిపోయింది. కొమ్ములు లెక్కపెట్టేలోగా లేదు.

అసలు బాధ తిరిగొచ్చేటప్పుడు. గీత చివరికెళ్లాక వెనక్కి వస్తూ చూసినవి లెక్కలోకి రావు. మూడో రోజు తిరుగుదారిలో పద్నాలుగు దుప్పులు, కొమ్ములున్న మగది ముందు, నలభై అడుగుల దూరంలో మేస్తున్నాయి. కళ్లెదుట సరుకు, రాయడానికి లేదు. పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. నేను రెండో రోజు లేని పులిని రాయబోయానని, ఈ రోజు ఉన్న దుప్పుల్ని వదలలేకపోతున్నానని అతనికి అర్థమైంది.

తిరుగుదారి పని వేరే ఉంది. ప్రతి 400 మీటర్లకీ ఆగి, పదిహేను మీటర్ల చుట్టుకొలతలో... కాదు, అది కూడా నేను మొదట పొరబడ్డాను, పదిహేను మీటర్ల వ్యాసార్థంలో చెట్లు, ఐదు మీటర్లలో పొదలు, ఒక మీటరులో గడ్డి రాయాలి. తరువాత రెండు మీటర్ల వెడల్పు, ఇరవై మీటర్ల పొడవు చోటులో మోకాళ్ల మీద పాకుతూ పెంటికలు లెక్కపెట్టాలి. ఏది దుప్పిది, ఏది కణితిది, ఏది మేకది. మేక పెంటికలు కూడా రాయాలి, అవే ముఖ్యం, మనుషుల ఒత్తిడి ఎంతుందో చెప్పేవి అవే. పిడుదులు కాళ్లకు పట్టాయి. చెట్ల పేర్లు అన్నీ పెద్దాయనవే: చిరుమాను, ఏగిస, బిల్లుడు, తునికి, నెమలినార. బీట్ ఆఫీసరు వాటికి శాస్త్రం పేర్లు వేసుకున్నాడు. ఒక్క తీగ దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. పెద్దాయన చెప్పిన పేరుకి పుస్తకంలో జవాబు దొరకలేదు. తెలియదనే రాశాం.

చివరి ప్లాటు అయ్యాక నీళ్లు తాగుతూ కూర్చున్నాం. పెద్దాయన వాళ్ల పెంటను, అంటే చెంచుల గూడేన్ని, అడవి బయటికి తరలిస్తారన్న మాట చాలాకాలంగా ఉందట. నేను వివరం అడిగితే అతను నేల మీద పుల్లతో గీతలు గీస్తూ, "పులిని లెక్కపెట్టేటందుకు మేం గావాలె. ఆడ ఉండేటందుకు మాత్రం వద్దంటరు" అన్నాడు. కోపం లేదు గొంతులో. నేను బీట్ ఆఫీసరు వైపు చూశాను. అతను బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆ వారంలో నేను చూసినంత వరకు ఆ బీటు పుస్తకంలో సగం ఆ పెద్దాయన కళ్లదే. దానికి పక్క వరుసలో అతని పేరుండే గడి లేదు.

ఇంటికొచ్చాక పదిహేను రోజులు దురద. ఆ తరువాత కెమెరాల దశ నడిచిందని విన్నాను. బాటకు రెండు వైపులా జంటగా కడతారు, ఎందుకంటే పులి కుడి పక్క చారలూ ఎడమ పక్క చారలూ వేరు, రెండూ దొరికితేనే అది ఫలానా పులి అని తేలుతుంది. దేశంలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు, మూడున్నర కోట్ల దాకా ఫోటోలు వస్తే అందులో పులులున్నవి 76,651. గిన్నిస్ రికార్డు అయింది. మిగతావాటిలో చాలావరకు దుప్పులు, పశువులు, గాలికి ఊగిన గడ్డి.

2019 జూలై 29న లెక్క చెప్పారు. దేశంలో 2,967. తెలంగాణలో 26, ఆంధ్రప్రదేశ్‌లో 48. నేను ముందు చూసింది అంకె కాదు, దాని పక్కనున్న హెచ్చుతగ్గులు: 2,603 నుంచి 3,346 దాకా. ఇంత తేడా రావచ్చని వాళ్లే చెప్పారు. నా పదహారేళ్లలో ఏ మిల్లు యజమానీ ఇంత మాట అనలేదు. తరువాతి లెక్కలో, అంటే 2022లో, ఆంధ్రలో 63కి పెరిగి, తెలంగాణలో 21కి తగ్గాయి. ఆ తగ్గుదల నాకు నచ్చలేదు, కానీ తగ్గిందని రాశారు కదా అన్న నమ్మకం మాత్రం కుదిరింది.

ఆ 2022 లెక్కింపుకి నేను వెళ్లలేదు. ఇయర్ ఎండింగ్ పని, సెలవు దొరకలేదు. పెద్దాయనకు ఫోన్ లేదు, వాళ్లబ్బాయికి ఉంది. చేశాను. సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కి మాట్లాడాడు. బాగున్నావా అన్నా అంటే బాగున్న అన్నాడు. మీ పెంట అక్కడే ఉందా అంటే "ఇంక ఈడనే" అన్నాడు.

"మల్ల ఎప్పుడొస్తవు సారూ?"

నాలుగేళ్లకి పిలిస్తే తప్పకుండా వస్తానన్నాను.

"జర పొడుగు చేతుల అంగీ తెచ్చుకో," అన్నాడు. వెనకాల ఎవరో నవ్వడం వినబడింది.